వెళ్ళేవాడికి పుచ్చకాయ

కెనడా వాళ్ళకి సొంతంగా ఒక ఫుట్‌బాల్ ఉందనీ, దాన్ని ఎక్కువగా చేతులతోనే ఆడతారనీ నాకు కువైట్ వచ్చాకే తెలిసింది. నేను పనిచేసే స్కూల్లో పిల్లలకి కెనడా చదువు చెప్తారు. అందుకని టీచర్లలో సగం మంది అక్కణ్ణించి వచ్చినవాళ్ళే. నాది లైబ్రరీలో ఉద్యోగం. లైబ్రరీకీ స్టాఫ్ రూమ్‌కీ మధ్య ఒక పల్చటి చెక్క గోడ ఉంది. అవతల ఎవరు ఏం మాట్లాడుకున్నా ఇవతల నాకు వినబడుతుంది. వినకూడదని మొదట్లో చాలా ప్రయత్నించాను. ఎన్నాళ్ళని ప్రయత్నిస్తాం, మానేశాను.

ఒక జనవరి ఉదయం ఆ గోడ అవతలి నుంచి లెక్కల మేడమ్ గొంతు వినిపించింది. "వెళ్ళిపోయాడు. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు" అని బొంగురుగా అంటోంది. ఆవిడ ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందనుకుని నా ఫ్లాస్కు పట్టుకుని పరుగెత్తాను. వెళ్ళి చూద్దును కదా, ఆవిడ ఫోను చేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆటలు నేర్పే పి.ఇ. సార్ పక్కన నిలబడి, "నీకు ఒక్కడే పోయాడు, మాకు ఇద్దరు పోయారు" అని ఓదారుస్తున్నాడు. పోయినవాళ్ళు ఫుట్‌బాల్ ఆటగాళ్ళు. పోయింది అమెరికా లీగుకి. నేను తెచ్చిన టీ మాత్రం ఇద్దరూ తాగారు.

ఆ రోజు నాకు పాఠం మొదలైంది. ఆట రెండు చోట్లా దాదాపు ఒకటేనట. కెనడా లీగు చిన్నది, అమెరికా లీగు పెద్దది. "మైదానం మాత్రం మాదే పెద్దది, పైగా మేం జట్టుకి పన్నెండు మందిమి ఆడతాం, వాళ్ళు పదకొండే" అంది మేడమ్ గర్వంగా. "జీతం మాత్రం వాళ్ళదే పెద్దది" అన్నాడు సార్. చలికాలం వచ్చేసరికి కెనడాలో కాంట్రాక్టు ముగింపుకొచ్చిన మంచి ఆటగాళ్ళని అమెరికా జట్లు పిలిచి పరుగెత్తించి చూస్తాయి. నచ్చితే ఉంచేసుకుంటాయి. కెనడా జట్టు అడ్డం పడదు, బదులుగా ఏమీ అడగదు.

వీళ్ళ ఆట జూన్‌లో మొదలై నవంబర్లో అయిపోతుంది. మిగతా ఆరు నెలలూ ఇద్దరూ ఈ ఎడారిలో కూర్చుని ఈసారి ఎవరు పోతారా అని దిగులుపడతారు. ఆట చూడటం కంటే ఆ దిగులులోనే వీళ్ళకి ఎక్కువ మజా ఉందేమోనని నా అనుమానం.

లెక్కల మేడమ్ సొంతూరు గోధుమ చేల మధ్యలో ఉంటుంది. వాళ్ళ జట్టు రంగు ఆకుపచ్చ. అందుకని అభిమానులు పుచ్చకాయని సగానికి కోసి, లోపలిదంతా తినేసి, ఆ డిప్పని తలకి టోపీలాగా పెట్టుకుని స్టేడియానికి వెళ్తారని చెప్పింది. నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. ఫోటో చూపించింది. మేడమ్, వాళ్ళమ్మ, అమ్మమ్మ ముగ్గురూ డిప్పలు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. ముగ్గురి చెవుల పక్క నుంచీ రసం కారుతోంది. అమ్మమ్మగారు మాత్రం పెళ్ళి ఫోటోకి నిలబడినంత గంభీరంగా ఉన్నారు.

ఆ పుచ్చకాయని మేడమ్ కువైట్ దాకా తెచ్చింది. ఎవరి ఆటగాడు అమెరికా పోతే వాళ్ళు మర్నాడు జమియాకి వెళ్ళి, అంటే మన పేటలో ఉండే కోఆపరేటివ్ సూపర్ మార్కెట్‌కి వెళ్ళి, ఒక పుచ్చకాయ కొని స్టాఫ్ రూమ్‌కి తీసుకురావాలి. అక్కడున్న ప్రతివాళ్ళూ ఒక ముక్క తిని, ఆ వెళ్ళినవాడికి ఒక దీవెన ఇవ్వాలి, ఒక తిట్టు తిట్టాలి. తిట్టకుండా దీవించకూడదు, దీవించకుండా తిట్టకూడదు. ఇంత న్యాయమైన పద్ధతి నేను మా చుట్టాల్లో కూడా చూడలేదు.

నన్నూ పిలిచారు. ఆ ఆటగాడి మొహం కూడా నాకు తెలీదు. అయినా ముక్క తీసుకుని, "ఎక్కడున్నా చల్లగా ఉండాలి" అని దీవించి, ఇంగ్లిష్‌లో చెప్పాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ముక్కు గడ్డకట్టే చలి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి చల్లగా ఉండటం దీవెన ఎలా అవుతుందో అర్థం కాలేదు. తిట్టు మాత్రం బాగా అర్థమైంది. "వాడికి అక్కడి తిండి సహించకూడదు" అన్నాను. పి.ఇ. సార్ బల్ల చరిచి నవ్వాడు. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఎవరు వెళ్ళినా అదే తిట్టు తిడుతున్నారు.

ఇంటికొచ్చి మా ఆయనకి ఇదంతా చెప్తే, "పనీపాటా లేదా ఆళ్ళకి?" అన్నారు. ఆ మాట అంటూ ఆయన చేస్తున్న పని ఏమిటంటే, హాల్లో కింద కూర్చుని మేకులకి పట్టిన తుప్పు గీకుతున్నారు. ఆ మేకులు క్రికెట్ మ్యాటువి.

మా ఆయన ఏసీ మెకానిక్. ఇద్దరిదీ కోనసీమ. ఉండేది ఖైతాన్‌లో, కింద అంతస్తు నిండా టైలర్ షాపులున్న పాత బిల్డింగ్‌లో. వారమంతా ఆయన ఎవరి డాబా మీద ఎండలో ఉంటారో నాకు తెలీదు గానీ, శుక్రవారం పొద్దున మాత్రం ఇసక గ్రౌండులో ఉంటారు. మా తెలుగువాళ్ళ జట్టుకి ఆయనే కెప్టెన్. జట్టులో సగం గోదావరి జిల్లాల వాళ్ళు, సగం రాయచోటి, కడపల నుంచి వచ్చిన ముస్లిం కుర్రాళ్ళు, ఒక హైదరాబాద్ ఓపెనరు. లీగులో అన్నిటికంటే కింది డివిజన్ మాది. గ్రౌండంటే గడ్డి ఉంటుందని కాదు. ఇసక మధ్యలో సిమెంటు పట్టీ, దాని మీద కొబ్బరిపీచు మ్యాటు పరిచి, అంచుల వెంట మేకులు కొట్టాలి. మేకు సరిగ్గా దిగకపోతే అక్కడ మ్యాటు లేస్తుంది, బంతి ఎటుపోతుందో దేవుడికే తెలియాలి.

ఆ మేకులు కొట్టేది మా బౌలర్. మామూలుగా ఏ జట్టులోనైనా కొత్తగా చేరినవాడి నెత్తిన వేస్తారు ఆ పని. మా జట్టులో మాత్రం అందరికంటే గొప్ప ఆటగాడే సుత్తి పట్టుకునేవాడు. వేరేవాళ్ళు కొడితే అతనికి నమ్మకం లేదు. రాయచోటి అతను. ఊళ్ళో భార్యా, ఒక కూతురూ ఉన్నారు. జహ్రాలో ఒక కువైటీ కుటుంబానికి డ్రైవరు. ఇంటి పెద్దాయన్ని, ఆయన్నే బాబా అంటారు, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి తీసుకెళ్ళాలి కాబట్టి ఆ వేళకి తిరిగి వెళ్ళిపోవాలి. అందుకని మా ఆయన అతని ఓవర్లన్నీ ముందే వేయించేసేవారు. అవతలి జట్లకి ఈ సంగతి తెలుసు. అతను తోలే బాబా పెద్ద కారు గ్రౌండు దాటేదాకా వికెట్లు కాపాడుకుంటే చాలనుకునేవాళ్ళు. కాపాడుకోలేకపోయేవాళ్ళు. అతని బంతి బ్యాట్స్‌మన్ బొటనవేలి దగ్గర పడేది. పాపం, వాళ్ళు నాట్యం చేసేవాళ్ళు.

నేను వెనకాల వ్యాన్ నీడలో కూర్చుని అందరికీ ఉప్మా పెట్టేదాన్ని. క్రికెట్ నాకు పెద్దగా తెలీదని చెప్పి తప్పించుకునేదాన్ని గానీ, అతను బంతి వేసేటప్పుడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. ఆ ఏడు మొదటిసారి మేం ఫైనల్ దాకా వచ్చాం. కప్పు వస్తే ఫ్రిజ్ మీద పెట్టాలని చెప్పి, అక్కడున్న రైస్ కుక్కర్ పెట్టెని నేను అప్పుడే తీసేశాను కూడా.

సరిగ్గా అప్పుడు వచ్చింది కబురు. పై డివిజన్‌లో ఆడే ఒక పెద్ద కంపెనీ జట్టు మేనేజరు సెమీఫైనల్ చూశాడు. వాళ్ళకి పచ్చగడ్డి గ్రౌండు ఉంది, లైట్లున్నాయి, ఆటగాళ్ళకి బస్సుంది. మా బౌలర్ని రమ్మన్నాడు. ఊరికే రమ్మనలేదు, కంపెనీలో డ్రైవరు ఉద్యోగం కూడా ఇస్తానన్నాడు. అతనికి అది ఎంత అవసరమో మా అందరికీ తెలుసు. బాబా పిల్లలు పెద్దవాళ్ళైపోయి లైసెన్సులు తెచ్చుకున్నారు, ఎవరి కారు వాళ్ళే తోలుకుంటున్నారు. "నీకు ఇంకో చోటు దొరికితే సంతోషంగా పంపిస్తా. దొరక్కపోతే ఈ ఇఖామాతో ఖలాస్, ఇంటికి వెళ్ళిపో" అని బాబా మర్యాదగానే చెప్పేశాడు. ఇఖామా, అంటే నివాస అనుమతి, ఉంటేనే ఇక్కడ మనం ఉంటాం. అది వేసవి రాకముందే అయిపోతుంది.

ఒక్కటే చిక్కు. ఒక జట్టు ఆటగాడు ఇంకో జట్టులోకి వెళ్ళాలంటే పాత జట్టు కెప్టెన్ రిలీజ్ కాయితం ఇవ్వాలి. అది కూడా నెలాఖరు లోపల. నెలాఖరుతో పై డివిజన్ పేర్ల నమోదు ముగిసిపోతుంది. మా ఫైనల్ ఆ తరవాతి శుక్రవారం. ఆ కంపెనీకి కావలసింది బౌలర్, డ్రైవర్లు వాళ్ళకి ఎంతమందైనా దొరుకుతారు. కాయితం లేకపోతే ఆట లేదు, ఆట లేకపోతే ఉద్యోగం లేదు.

అతను వెళ్ళిపోయాక మా ఆయన గ్రౌండులోనే తేల్చేశారు. "కప్పయ్యాక ఇద్దాంలే రా."

"కప్ అయినంక నమోదు ఉండదంట గదన్నా" అన్నాడు హైదరాబాద్ ఓపెనర్. వెంటనే తనే, "ఏం కాదు తియ్, పెద్ద కంపెనీ అంటే ఆగుతరు. మంచి బౌలర్ ఊకె దొరుకుతడా?" అన్నాడు. మిగతావాళ్ళంతా తలలూపారు. నేనూ ఊపాను. ఫ్రిజ్ మీద ఖాళీ చేసి పెట్టుకున్నదాన్ని మరి.

తరవాత అతను ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. మొదటిసారి మా ఆయన ఎత్తి, "చూద్దాంలే రా, నీకేం తొందర" అన్నారు. రెండోసారి బాత్రూమ్‌లో ఉన్నట్టు నాచేత చెప్పించారు. ఆ తరవాత ఎత్తడమే మానేశారు. అన్నం తింటుంటే ఫోను మోగేది. ఆయన దాన్ని చూసేవారు, తిరగేసి పెట్టేవారు, మళ్ళీ ముద్ద కలుపుకునేవారు. అది చాపమీద బోర్లా పడుకుని జుయ్ జుయ్ మంటూ కదులుతూ ఉండేది.

ఒకరోజు అతను నాకు చేశాడు. "వదినా, బాగుండావా? అన్న ఫోన్ ఎత్తడం ల్యా. జరమేమన్నా వచ్చిందా అన్నకు?"

 పని ఎక్కువగా ఉందన్నాను.

"అవునా? పాపం, ఎండలో తిరుగుతాడు గదా. నిమ్మకాయ నీళ్ళు తాపు వదినా" అన్నాడు. తరవాత సంతోషంగా చెప్పాడు. "మా బాబా సంతకం పెట్టేసినాడు. పక్కన కూచోబెట్టుకోని, చాయ్ తాపిచ్చి మరీ పెట్టినాడు. ఆయన కాడ ఇబ్బంది పడతానేమో అని బయపడి సచ్చినా. ఇంగ మిగిలింది అన్న కాయితమే. అది మనోళ్ళదే గదా, నెలాఖరు లోపల వస్తాదిలే అని నిమ్మళంగా ఉండా."

ఫోన్ పెట్టేశాక నాకు బాగా సిగ్గేసింది.

మర్నాడు స్కూల్లో చెక్క గోడ అవతల మళ్ళీ అదే గొడవ నడుస్తోంది. పి.ఇ. సార్ వాళ్ళ జట్టులో ఇంకొకడికి అమెరికా నుంచి పిలుపొచ్చింది. సార్ మండిపడుతున్నాడు. "నేను గనక లీగుకి పెద్దనైతే ఒక్కణ్ణీ వదలను. మనం తయారుచేసి పెట్టడం, వాళ్ళు పట్టుకుపోవడం! ఇదేం న్యాయం?"

ఈసారి నేను ఎవరూ పిలవకుండానే వెళ్ళి మధ్యలో కూర్చున్నాను. లెక్కల మేడమ్ పిల్లల పేపర్లు దిద్దుతూ, తలెత్తకుండా చెప్పింది. ఆవిడ చెప్పింది ఇంగ్లిష్‌లోనే, నేను నా మాటల్లో రాస్తున్నాను. "వదలం అని ముందే చెప్తే ఆ కుర్రాడు అసలు మన ఊరే వచ్చేవాడు కాదు. ఇక్కడ బాగా ఆడితే అక్కడికి వెళ్ళచ్చు అనే కదా వచ్చాడు. మనం చూసిన ఆ ఆటంతా అందుకు ఆడినదే. వెళ్ళేటప్పుడు ఏడవచ్చు, తిట్టచ్చు. తలుపు మాత్రం వెయ్యకూడదు." పేపరు పక్కన పెట్టి ఇంకో మాట అంది. "అయినా సగం మంది సెప్టెంబర్‌కి తిరిగొచ్చేస్తారు. అక్కడ వాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టి, చివరికి పంపించేస్తారు. అప్పుడు మనం ఏ మొహంతో ఎదురెళ్ళాలో, వెళ్ళేనాడు మనం ఎలా పంపామన్న దాన్ని బట్టే ఉంటుంది."

సార్ గొణిగాడు. నేను మా బౌలర్ సంగతి వాళ్ళకి చెప్పాను. రిలీజ్, కఫీల్ అన్నీ వివరించాను. చెబుతూ చెబుతూ ఉండగానే నాకు తట్టింది. ఇన్నాళ్ళూ ఇది నాకు ఎలా తట్టలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే.

కఫీల్ అంటే మనకి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. అతను రిలీజ్ ఇస్తేనే మనం ఇంకో పనికి మారగలం. గల్ఫ్‌కి వచ్చిన తెలుగువాడికి మొదటి ఏడాదిలోనే వంటబట్టే మాట అది. మా పెళ్ళైన కొత్తలో మా ఆయన ఇక్కడ, నేను ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆయనకి అప్పుడు ఒక మంచి కంపెనీలో ఉద్యోగం దొరికింది. పాత కఫీల్ రిలీజ్ ఇవ్వాలి. ఆయన రోజూ ఆ కఫీల్‌కి ఫోన్ చేసేవారు, తరవాత నాకు చేసేవారు. "ఎత్తట్లేదే" అనేవారు. రోజూ అదే మాట. అలా ఎత్తకుండానే ఆ ఉద్యోగం ఇంకొకడికి పోయింది. మా క్రికెట్ జట్టులో ఒక్కొక్కణ్ణీ కదిలిస్తే ఇలాంటి కథే చెప్తాడు. అందరూ కలిసి వాళ్ళ కఫీల్‌ని తిట్టుకుంటూ నా ఉప్మా తిన్నవాళ్ళే. ఆ అందరూ మొన్న గ్రౌండులో తలలూపారు.

ఆ సాయంత్రం అన్నాలు తింటున్నాం. ఆయన ఫోను చాపమీద ఉంది. మోగింది. ఆయన చూశారు, తిరగేశారు.

"కఫీల్ గారూ, తమరి ఫోన్ మోగుతోంది" అన్నాను.

ఆయనకి మొదట అర్థం కాలేదు. "ఏంటీ?" అన్నారు.

"తమరే కదా కఫీల్. రిలీజ్ తమరి చేతిలోనే ఉంది. కొంచెం పప్పు వెయ్యమంటారా కఫీల్ గారూ?"

"ఏంటే నీ ఎటకారం? ఆడెల్లిపోతే ఫైనల్లో బంతెవడేస్తాడు, నువ్వేస్తావా?"

"నేను వెయ్యను. ఓడిపోతాం. ఓడిపోతే ఏమవుతుంది, ఫ్రిజ్ మీద మళ్ళీ కుక్కర్ పెట్టె పెడతాను. అతనికి ఇఖామా పోతే ఏం పెడతారు? బాబా చాయ్ ఇచ్చి సంతకం పెట్టాడట. అరబ్బాయన ఇచ్చేశాడు, తెలుగు అన్న ఇవ్వలేదు. మీకు జ్వరమొచ్చిందేమోనని అతను కంగారుపడుతున్నాడు, తెలుసా? నిమ్మకాయ నీళ్ళు ఇమ్మన్నాడు."  

ఫోను ఆగిపోయింది. మా ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.  ఫోను వైపే చూస్తూ అన్నారు. "ఆ రోజుల్లో ఆడు ఎత్తి, 'ఇవ్వను పో' అన్నా బాగుండేదే. ఓ తిట్టు తిట్టుకుని ఊరుకునేవోణ్ణి. ఎత్తేవోడు కాదు. అదే నాకు ఇప్పటికీ..." మాట పూర్తి చెయ్యలేదు. లేచి చెయ్యి కడుక్కొచ్చి ఫోన్ చేశారు.

అవతల ఎత్తలేదు! బాబాని దీవానియాకి, అంటే మగవాళ్ళు చేరి కబుర్లు చెప్పుకునే చోటుకి, తీసుకెళ్తున్నాడేమో. మా ఆయన హాల్లో ఆ మూలకీ ఈ మూలకీ తిరగడం మొదలుపెట్టారు. మళ్ళీ చేశారు. "ఎత్తట్లేదే" అన్నారు నా వైపు తిరిగి. అచ్చం పాత గొంతే. ఇంకో పూటయితే నవ్వేదాన్ని. కాస్త ఆగి అతనే చేశాడు. "ఏరా, శుక్రవారం పొద్దున్నే రా, కాయితం తీసుకెల్దువుగాని" అన్నారు మా ఆయన. అవతలి నుంచి ఏం వినిపించిందో నాకు తెలీదు, ఈయన మాత్రం అటు తిరిగి నిలబడ్డారు.

శుక్రవారం గ్రౌండుకి బయల్దేరుతుంటే, వ్యాన్ జమియా ముందు ఆపించి మా ఆయన ఒక్కరే లోపలికెళ్ళారు. పుచ్చకాయ పట్టుకుని బయటికొచ్చారు. కంప్రెసర్ని తట్టి చూసినట్టు తట్టి తట్టి చెవి దగ్గర పెట్టుకుని ఏరానని చెప్పారు. "మీ కెనడా వాళ్ళని కూడా పిలువు" అన్నారు. పి.ఇ. సార్‌కి కుదరలేదు. లెక్కల మేడమ్ మాత్రం టాక్సీ దిగి ఇసకలో నడిచొచ్చింది. మా వాళ్ళంతా లేచి నిలబడ్డారు.

అతను అప్పటికే వచ్చి మ్యాటుకి మేకులు కొడుతున్నాడు. ఆ రోజు ఊరికే ప్రాక్టీసే, అయినా కొట్టాడు. మా ఆయన కాయితాన్ని వ్యాన్ బానెట్ మీద పెట్టి సంతకం చేసి ఇచ్చారు. తరవాత పుచ్చకాయ కోశారు. పద్ధతేమిటో నేను వివరించాను. మా వాళ్ళకి తిట్టడం ఒకరు నేర్పాలా, వెంటనే అందుకున్నారు.

హైదరాబాద్ ఓపెనర్ ముందు ముక్క తీసుకున్నాడు. "మంచిగుండు భాయ్. బిడ్డను మంచిగ చదివియ్యి. గా గడ్డి గ్రౌండ్ల మాత్రం నీకు మేకులు కొట్టే పని ఉండొద్దు, చేతులు దురదపెట్టి చావాలె." అందరూ నవ్వారు. మేడమ్ సగం డిప్పని ఖాళీ చేసి, అతని తల మీద పెట్టింది. రసం మెడమీదకి కారుతుంటే అతను కదలకుండా నిలబడ్డాడు, ఫోటోలో అమ్మమ్మగారి లాగే.

చివరగా మా ఆయన వంతు. "నీ ఇఖామాకి ఎప్పుడూ ఇబ్బంది రాకూడదు రా" అని దీవించారు. తిట్టు కోసం కొంచెం ఆలోచించారు. "ఆ పెద్ద జట్టులో నువ్వు నీళ్ళు మొయ్యాలి. మమ్మల్నొదిలి పోతున్నందుకు నీకు బంతి దొరక్కూడదు."

"అట్లనే అన్నా" అన్నాడు అతను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తలమీద డిప్ప ఉంది కాబట్టి అది పుచ్చకాయ రసమే అనుకున్నట్టు అందరం ఊరుకున్నాం.

ఫైనల్లో ఓడిపోయాం. మామూలుగా ఓడిపోలేదు, చిత్తుగా ఓడిపోయాం. కుక్కర్ పెట్టె మళ్ళీ ఫ్రిజ్ ఎక్కింది. మా ఆయన్ని బాధపెట్టింది మాత్రం కప్పు కాదు, తరవాతి వారాలు. అతను కంపెనీలో చేరాడు, ఇఖామా మారింది, అదంతా బాగానే ఉంది. కానీ ఆటలోకి తీసుకోవడం లేదు. మా ఆయన ప్రతి శుక్రవారం ఫోన్‌లో ఆ జట్టు స్కోరు తెరిచి, పేర్లన్నీ పైనుంచి కిందికి చదివేవారు. అతని పేరు ఉండేది కాదు. అతను ఫోను కూడా చెయ్యలేదు. ఈయనే రెండుసార్లు చేశారు గానీ డ్యూటీలో ఉన్నానంటూ పెట్టేశాడు.

"నా నోరు మంచిది కాదే" అన్నారు ఒకరోజు. "నీళ్ళు మొయ్యమన్నాను. అలాగే మోస్తున్నాడు."

ఆయన అంత దిగులుగా ఉంటే చూడలేక, స్కూల్లో మేడమ్‌ని అడిగాను. ఆ తిట్టు వెనక్కి తీసుకునే పద్ధతి ఏమైనా ఉందా అని. ఆవిడ నవ్వలేదు. "దీవెన కూడా ఇచ్చారు కదా? మొదట తిట్టు పనిచేస్తుంది. దీవెన కొంచెం నిదానంగా పనిచేస్తుంది" అంది. లెక్కల మేడమ్ చెప్పింది కాబట్టి నేను నమ్మాను. ఆయనకి చెప్తే నమ్మనట్టు మొహం పెట్టారు. అయితే ఆ రోజు నుంచి అన్నం తినేటప్పుడు ఫోనుని కంచం పక్కన వెల్లకిలా పెట్టడం మొదలుపెట్టారు.

గాలి అప్పుడే వేడెక్కుతోంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం పప్పు, వంకాయ కూర వడ్డించాను. ఆయన మొదటి ముద్ద కలుపుతున్నారు. ఫోను వెలిగింది. మోత ఇంకా సరిగ్గా మొదలు కాకుండానే ఎడంచేత్తో ఎత్తేశారు.

"చెప్పరా" అన్నారు.

అవతలి గొంతు నాకూ వినిపించింది. గ్రౌండులోంచే అరుస్తున్నట్టున్నాడు. "అన్నా, ఈ పొద్దు ఆడించినారన్నా! మొదటి ఓవర్లోనే వికెట్ పడింది. ఇంగా ఇంటికి గూడా సెప్పల్యా, నీకే సెప్తాండా."

"ఎక్కడేశావురా? కాలివేళ్ళ దగ్గరేనా?" అన్నారు మా ఆయన.  అతను మొదటి బంతి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. నేను కూర గిన్నె మీద మూత పెట్టేశాను. ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా ఆయన వింటూనే ఉన్నారు.